మోకాలి చిప్పకు చిన్న గాట్ల ఆపరేషన్ సరిపోతుందా? – సమాధానం

తమ్ముడూ, నరసన్నపేటలో మీ అమ్మగారు మెట్ల మీద జారిపడితే మోకాలి చిప్ప విరిగిందని, ఒక డాక్టరు పెద్ద కోత అంటే ఇంకొకరు చిన్న గాట్లు చాలన్నారని రాశావు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడారనుకోకు.

ఎక్స్‌రేలో ముక్కల మధ్య సందు ఎంతుందో అడుగు. 2, 3 మిల్లీమీటర్ల లోపే ఉండి, ఆవిడ పడుకుని కాలు వంచకుండా పైకెత్తగలిగితే ఆపరేషన్ లేకుండా కట్టుతోనే సరిపోవచ్చు. చిప్ప అడ్డంగా రెండు ముక్కలై, కొద్దిగానే విడిపోతే చిన్న గాట్ల పద్ధతి కుదురుతుంది. సీ-ఆర్మ్ మెషీన్‌లో (ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే బొమ్మ చూపించే యంత్రం) చూస్తూ, మధ్యలో బోలుగా ఉండే స్క్రూలు బిగించి, అవసరమైతే వాటిలోంచి తీగ లాగి ముడేస్తారు. నొప్పి తక్కువ. నుజ్జయితే మాత్రం తెరవాల్సిందే, లోపలి వైపు నునుపుగా కుదరకపోతే తర్వాత కీలు అరుగుతుంది. సీటీ స్కాన్ తీస్తే ఈ గొడవ చాలావరకు తేలుతుంది.

నాటు కట్టుకు మాత్రం వెళ్లకండి. ముక్కలు విడిపోతే తొడ కండరం పై ముక్కను పైకి లాగేస్తూనే ఉంటుంది, మా చిన్నాన్నకు అదే జరిగింది. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆసుపత్రి కౌంటర్లో ముందే అడుగు.