అమ్మాయి బొలోన్యా వెళుతోంది, ఏమి నేర్పి పంపాలి?

ప్రశ్న: నేను చీమకుర్తిలో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్‌ను. మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో ఏడు. ఒక సెమిస్టర్ ఇటలీలోని బొలోన్యాలో చదవడానికి ఎంపికైంది. ఫిబ్రవరిలో ప్రయాణం. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ విమానం ఎక్కలేదు. పిల్లకు ఆ భాష రాదు. వాళ్ళమ్మకు నిద్ర పట్టడం లేదు. ఏమి సిద్ధం చేసి పంపమంటారు?
– ఒక తండ్రి, చీమకుర్తి

జవాబు: అయ్యా, 2018 ఫిబ్రవరిలో నేను నెల్లూరు నుంచి ఆ ఊరికే వెళ్ళాను. జూలై దాకా ఉన్నాను. మా నాన్న మద్రాసు విమానాశ్రయంలో ఒక్క మాటా మాట్లాడలేక నా పెట్టె పిడి పట్టుకుని నిలబడిపోయారు. మీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

ముందు గది సంగతి చూడండి. అక్కడ గదుల కరువు ఈనాటిది కాదు. ఆ విశ్వవిద్యాలయం 1088లో మొదలైందని లెక్క. చదువుకోవడానికి వచ్చేవాళ్ళు పెరిగేకొద్దీ జనం ఇళ్ళ పై అంతస్తులను వీధి మీదికి పెంచి, కింద స్తంభాలు నిలిపారు. వాటి కింద నడిచే కప్పు దారులే ఆ ఊరి వసారాలు. 1288లో నగరపాలకులు ఏకంగా శాసనమే చేశారు: ఇల్లు కడితే ముందు వసారా ఉండాలి, గుర్రం మీద వెళ్ళే మనిషికి తల తగలనంత ఎత్తుండాలి అని. పాత ఊరిలోనే ఇవాళ 38 కిలోమీటర్ల వసారాలున్నాయి. యునెస్కో 2021లో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొండ మీద సాన్ లూకా గుడికి వెళ్ళే వసారాకైతే 666 కమానులు. మీరు రాతితో బతికేవారు కనుక అమ్మాయిని ఒక్కటి అడగండి: కాసా ఇసొలానీ అనే 13వ శతాబ్దపు ఇంటి ముందు ఓక్ దూలాలు ఇంకా బరువు మోస్తున్నాయి, వాటి ఫొటో తీసి పంపమనండి. వసారాల నేల నున్నన, వానకు తడిసిన చెప్పులు జారతాయి. రబ్బరు అడుగున్న బూట్లు కొనివ్వండి.

గది కోసం విశ్వవిద్యాలయం వారి వసతి విభాగానికి ఇప్పుడే రాయించండి. ఒప్పంద పత్రం చేతికి రాకుండా, ఫొటోలు చూసి మాత్రం ఎవరికీ అడ్వాన్సు పంపకండి. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను.

చేరిన ఎనిమిది పనిదినాల్లోపు నివాస అనుమతికి పోస్టాఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. దానికి అంటించే 16 యూరోల స్టాంపు పొగాకు దుకాణంలో అమ్ముతారు. పోస్టాఫీసు ఇచ్చే రసీదును పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోవాలి, కార్డు వచ్చేదాకా అదే ఆధారం.

ఇక అసలు సంగతి. అక్కడ చాలా పరీక్షలు నోటితో చెప్పేవి. మన పిల్లలు అడిషనల్ షీట్లు అడిగి మరీ రాస్తారు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే గొంతు పెగలదు. నా మొదటి పరీక్ష రోజు గది తలుపు తెరిచే ఉంది. వెనక బెంచీల మీద మిగతా విద్యార్థులు కూర్చుని వింటున్నారు. ప్రొఫెసరు గారు బల్లకు అటువైపు, నేను ఇటువైపు. మొదటి ప్రశ్నకు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. ఆయన సగంలో ఆపి, “సరే, ఇది మీ ఊళ్ళో ఎలా జరుగుతుంది?” అన్నారు. నాకు మాట రాలేదు. 30కి 22 వేసి, “ఒప్పుకుంటారా?” అని అడిగారు. 18 వస్తే పాస్. అయినా అక్కడ వచ్చిన మార్కు వద్దని చెప్పి, మరో తేదీకి మళ్ళీ రావచ్చు. వద్దన్నాను. మూడు వారాలు రోజూ సాయంత్రం వసారాలో నడుస్తూ పాఠాన్ని పైకి చెప్పుకున్నాను, ప్రతి సంగతికీ నెల్లూరు నుంచి ఒక ఉదాహరణ వెతుక్కున్నాను. రెండోసారి 28 వచ్చింది.

అందుకే మీ ఇంట్లో ఇప్పటి నుంచే ఒక పని చేయండి. రోజూ భోజనమయ్యాక ఆ రోజు చదివిన పాఠం ఏదైనా మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. మధ్యలో ఆపి ప్రశ్నలు అడగండి. పాలిష్ పని తెలిసిన మనిషి అడిగే ప్రశ్నలకు తడుముకోకుండా చెప్పగలిగితే ఏ ప్రొఫెసరు ముందైనా చెప్పగలదు.

భాషకు భయపడవద్దు. ఇటాలియన్ మాటలు కూడా మన మాటల్లాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఒత్తు తేడా వస్తే అర్థం మారుతుంది: కాసా అంటే ఇల్లు, కాస్సా అంటే డబ్బు కట్టే కౌంటరు. గడికీ గడ్డికీ తేడా తెలిసిన పిల్లకు ఇది కొత్త కాదు. వెళ్ళేలోపు అంకెలు, దారి అడగడం, ధర అడగడం నేర్చుకుంటే చాలు, మిగతాది బజారు నేర్పుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కూడా బొలోన్యాకే వెళుతున్నాడు. మాంసం ముట్టడు. నెయ్యి, మలై కాజా, కరివేపాకు పంపవచ్చా?
– ఒక తల్లి, కావలి

జవాబు: నెయ్యీ వద్దు, మలై కాజా వద్దమ్మా. పాలతో చేసినవేవీ బయటి దేశాల నుంచి సామానులో తేనివ్వరు. దొరికితే అక్కడే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు, మామిడికాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. కరివేపాకును కారప్పొడి చేసి పంపండి. రిజొత్తో అనే అన్నం వంటకానికి వాడే అక్కడి బియ్యం ముద్దగా అవుతుంది, సన్నబియ్యం తిన్న నోటికి నచ్చదు. స్టేషన్ వెనకనున్న బొలొన్యీనా పేటలో మన వైపు దేశాల దుకాణాలున్నాయి, బాస్మతీ కందిపప్పూ అక్కడ వెతుక్కోమనండి. ఆ ఊరి పేరుమోసిన వంటకం తొర్తెల్లీనీ, అంటే లోపల కూరిన చిన్న పిండి చుట్టలు, వాటిలో పంది మాంసం ఉంటుంది. “సెంత్సా కార్నే”, అంటే మాంసం లేకుండా, అనే రెండు మాటలు బాబుకు విమానం ఎక్కేలోపే కంఠతా పట్టించండి.