సెకండ్ హ్యాండ్ మిషన్‌కు కంపెనీ సర్వీసు ఇవ్వనంటే?

సందేహం: మాది మండపేట దగ్గర చిన్న రైసు మిల్లు. తణుకు వైపు మూతపడిన ఒక మిల్లు నుంచి కలర్ సార్టర్ (రంగు మారిన బియ్యం గింజల్ని ఏరేసే మిషన్) 9 లక్షలకు కొన్నాను. డబ్బు ఆర్‌టీజీఎస్‌లో వేశాను. బిల్లు లేదు, తెల్లకాగితం మీద రసీదు ఉంది. రెండు నెలలు బాగానే ఆడింది. ఇప్పుడు స్క్రీన్ మీద పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతోంది. కంపెనీకి ఫోన్ చేస్తే ‘మా రికార్డులో మీ పేరు లేదు’ అంటున్నారు. ధాన్యం దిగుతోంది, టెన్షన్‌గా ఉంది. వాళ్లు సర్వీసు ఇవ్వక్కర్లేదా?

జవాబు: మిషన్ మీ షెడ్డులో ఉన్నంత మాత్రాన కంపెనీ మీకు సర్వీసు బాకీ పడదండి. వారంటీ అన్నది కంపెనీకీ, మొదట కొన్న మిల్లుకూ మధ్య ఒప్పందం. అందులో మీరు లేరు. గడువు ఇంకా మిగిలుంటే, షరతుల్లో ‘మొదటి కొనుగోలుదారుకు మాత్రమే’ అని ఉందేమో చూడండి. లేకపోతే పాత యజమాని రాసిచ్చే బదిలీ ఉత్తరంతో అడిగి చూడవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది పాస్‌వర్డ్ సంగతి. రెండు నెలలు ఆడిన మిషన్ తనంతట తాను తాళం వేసుకుందంటే నాకు వేరే అనుమానం వస్తోంది. వాయిదాల మీద అమ్మే మిషన్లలో కొన్నిటికి గడువు తేదీ పెట్టి పంపుతారు. వాయిదా కడితేనే కొత్త కోడ్ ఇస్తారు. పాత యజమాని వాయిదాలు ఎగ్గొట్టి మీకు అమ్మి ఉండవచ్చు. మిషన్ బ్యాంకు హైపోథికేషన్‌లో, అంటే అప్పు కింద తాకట్టులో ఉన్నా ఆశ్చర్యం లేదు. కాబట్టి కంపెనీని ముందు అడగాల్సింది సర్వీసు కాదు. ‘ఈ సీరియల్ నంబరు మీద బాకీ ఏమైనా ఉందా’ అని రాతపూర్వకంగా అడగండి. ఉందంటే మీ పోరాటం కంపెనీతో కాదు, అమ్మినాయనతో. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 14వ సెక్షన్ ప్రకారం, కొన్నవాడికి చెప్పని అప్పుభారం సరుకు మీద ఉండకూడదు. వేరే ఒప్పందం లేనంతవరకు ఇది అమ్మకంలోనే ఇమిడి ఉన్న హామీ, కాగితం మీద రాయకపోయినా సరే. నష్టపరిహారానికి సివిల్ దావా వేయవచ్చు, మూడేళ్ల గడువు ఉంటుంది. అదే ఎజెక్టర్లు (చెడ్డ గింజల్ని గాలితో పక్కకు నెట్టే భాగాలు) అరిగిపోయాయనో, కెమెరా మసకబారిందనో అయితే పాత మిషన్ చూసుకుని కొన్న మీకు అంత బలం ఉండదు.

బాకీ లేదని తేలితే మిషన్‌ను మీ పేరుకు మార్పించుకోవాలి. అమ్మినాయన జీఎస్టీ రిజిస్టర్డ్ అయితే ఇన్వాయిస్ అడగండి. కంపెనీకి ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. దానికి బదిలీ ఉత్తరం, ఆర్‌టీజీఎస్ స్టేట్‌మెంటు, నేమ్ ప్లేటు ఫోటో జతచేయండి. ఆ ప్లేటు మీద తౌడు దుమ్ము పేరుకుని ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి సీరియల్ నంబరు స్పష్టంగా పడేలా తీయండి. నా దగ్గరకు వచ్చిన ఒక మిల్లరు మిషన్‌కు అమ్మినవాళ్లు ప్లేటు మీద కూడా పెయింట్ వేసేశారు. అది గీకి నంబరు తేల్చడానికే వారం పట్టింది.

కంపెనీ విజిట్ ఛార్జీ అడిగితే కట్టండి, కానీ రసీదు మీ పేరుతో ఉండాలి. అక్కణ్నుంచి మీకూ కంపెనీకీ నేరుగా ఒప్పందం ఏర్పడుతుంది. డబ్బు తీసుకుని పని చేయకపోతే అది సేవాలోపం. మిల్లు మీరే నడుపుకుంటూ దాని మీదే బతుకుతుంటే, 2019 వినియోగదారుల చట్టం కింద మీ జిల్లా కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. ‘వ్యాపారానికి వాడుతున్నాడు, వినియోగదారుడు కాడు’ అని కంపెనీ తప్పకుండా వాదిస్తుంది. స్వయం ఉపాధి కోసం కొన్నవాడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయితే పాతికమంది కూలీలతో నడిచే మిల్లుకు ఈ దారిలో నెగ్గడం కష్టం. మీ మిల్లు ఎంతదో మీరు రాయలేదు.

విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటివాళ్లకు దక్కనివ్వలేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీని అడ్డుకోకుండా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు జరిమానా వేసింది. ఆ తర్వాత అప్పీళ్లూ నడిచాయి. ఆ తర్కం మిల్లు మిషన్లకూ వర్తించాలని నేను గట్టిగా నమ్ముతాను. కానీ అది ఒక్క మిల్లరు మోసే కేసు కాదు, మిల్లర్ల సంఘం పూనుకోవాలి.

ఈలోగా ఎవరైనా కుర్రాడు ‘అయిదువేలిస్తే కోడ్ తీసేస్తా’ అని వస్తే మిషన్ ముట్టుకోనివ్వకండి. బోర్డు చెడితే ‘మీరే పాడుచేశారు’ అని కంపెనీ తప్పుకుంటుంది, అమ్మినాయనా అదే మాట అంటాడు. ఆ పాస్‌వర్డ్ స్క్రీన్‌ను తేదీ కనిపించేలా ఇవాళే వీడియో తీసి ఉంచండి.