పీఎఫ్‌లోంచి 8.4 లక్షలు వదులుకుని పెద్ద పెన్షన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది రేణిగుంట. ఇక్కడికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో 1997 నవంబరులో చేరాను. ఈ నవంబరుకు 58 నిండుతాయి, రిటైరవుతున్నాను. పీఎఫ్ ఖాతాలో 34 లక్షలుంది. హయ్యర్ పెన్షన్ (పూర్తి జీతం మీద లెక్కేసే పెన్షన్) కోసం 2023లో జాయింట్ ఆప్షన్, అంటే యాజమాన్యంతో కలిసి ఇచ్చే దరఖాస్తు, పెట్టుకున్నాను. 8 లక్షల 40 వేలు కట్టమని ఇప్పుడు డిమాండ్ లెటర్ వచ్చింది. కట్టకపోతే నెలకు 4,400 దాకా వస్తుందట. కడితే 18,000 వస్తుందని యూనియన్ వాళ్లు లెక్కేసి చెప్పారు. మా బామ్మర్దేమో ఆ డబ్బుతో కరకంబాడి వైపు స్థలం కొనమంటున్నాడు. ఇల్లు సొంతమే. నెల ఖర్చు 24 వేలు. నా భార్యకు 51 ఏళ్లు, ఉద్యోగం లేదు, షుగర్ ఉంది. వచ్చే ఏడాది అమ్మాయి పెళ్లి చేయాలి. ఏం చేయమంటారు?

జవాబు: కట్టమనే చెబుతాను. కానీ 18,000 వస్తుందన్న ధీమాతో మాత్రం కట్టకండి.

ముందు ఆ డిమాండ్ లెటర్ సంగతి. అందులో ఉన్నది జరిమానా కాదు. మీ యాజమాన్యం తన వాటాగా కట్టిన 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ నిధికి వెళ్లాలి. అయితే దాన్ని మీ పూర్తి జీతం మీద కాకుండా ప్రభుత్వం పెట్టిన జీతం పరిమితి మీదే లెక్కేశారు. చాలాకాలం ఆ పరిమితి 6,500, 2014 సెప్టెంబరు నుంచి 15,000. అంటే ఎంత జీతమున్నా 2014 సెప్టెంబరు తర్వాత కూడా పెన్షన్ నిధికి వెళ్లింది నెలకు 1,250 రూపాయలే, అంతకుముందు ఇంకా తక్కువ. మిగిలింది మీ పీఎఫ్‌లో చేరి వడ్డీతో పెరిగింది. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పూర్తి జీతం మీద పెన్షన్ కోరే అవకాశం వచ్చింది. అందుకే ఇన్నేళ్ల తేడాను వడ్డీతో సహా వెనక్కి అడుగుతున్నారు.

ఇప్పుడు 18,000 లెక్క చూద్దాం. మీరు పంపిన జీతం చిట్టా ప్రకారం చివరి 60 నెలల బేసిక్, డీఏ సగటు 42,000. సర్వీసు 28 ఏళ్లు. ఇరవై ఏళ్లు దాటినవారికి కలిపే రెండేళ్లతో 30. 42,000ను 30తో గుణించి 70తో భాగిస్తే సరిగ్గా 18,000. సూత్రంలో తప్పేమీ లేదు. కాకపోతే పీఎఫ్ ఆఫీసు లెక్కేసే తీరు వేరు. 2014 సెప్టెంబరు 1కి ముందు సర్వీసును, తర్వాతి సర్వీసును విడదీసి దామాషా పద్ధతిలో చేస్తున్నారు. పాత సర్వీసుకు అప్పటి జీతం సగటు, కొత్త సర్వీసుకు చివరి సగటు. 2014 నాటికి మీ సగటు 22,000. బోనస్ ఏళ్లను రెండువైపులా సర్దితే పాత భాగం సుమారు 18 ఏళ్లు, కొత్త భాగం 12. మొదటిదానికి 5,657, రెండోదానికి 7,200. కలిపితే 12,900కు కాస్త తక్కువ. యూనియన్ చెప్పినదానికీ దీనికీ నెలకు అయిదు వేల పైచిలుకు తేడా! ఈ దామాషా పద్ధతిని పలుచోట్ల ఉద్యోగులు వ్యతిరేకిస్తున్నారు. రేపు మారితే మీకు లాభమే, కానీ మారుతుందన్న ఆశతో ఈరోజు సంతకం పెట్టకూడదు. నేను 12,900నే పట్టుకుని చూస్తాను.

అంటే 8.4 లక్షలిస్తే నెలకు అదనంగా వచ్చేది 8,500. వడ్డీ ఊసెత్తకుండా చూస్తే ఎనిమిదేళ్ల మూడు నెలలకు అసలు తిరిగొస్తుంది. అలా చూడటం సరికాదు, ఆ డబ్బు మీ చేతిలో ఉంటే ఊరికే ఉండదు కదా. 8 శాతం వడ్డీ వచ్చేచోట పెట్టి నెలనెలా 8,500 తీసుకుంటూ పోతే పదమూడున్నరేళ్లకు ఖాతా ఖాళీ అవుతుంది. అప్పటికి మీకు 71 దాటుతాయి. ఆపైన మీరు బతికే ప్రతి నెలా పెన్షన్ తీసుకున్నందుకు లాభమే.

మీ ఇంట్లో దీనికంటే పెద్ద లెక్క ఇంకొకటుంది. మీ ఉత్తరంలో నన్ను ఆపింది మీ భార్య వయసు. ఆమె మీకంటే ఏడేళ్లు చిన్న. మీకు 72 వచ్చేసరికి ఆమెకు 65. మీ తర్వాత ఆమె ఒక్కతే పదేళ్లో పదిహేనేళ్లో గడపాల్సి రావచ్చు. సొంత సంపాదన లేదు, మందులు మాత్రం ప్రతి నెలా తప్పవు. ఈపీఎస్‌లో, అంటే ఈ ఉద్యోగుల పెన్షన్ పథకంలో, సభ్యుడి తర్వాత భార్యకు సగం పెన్షన్ వస్తుంది. ఇప్పటి లెక్కన సగమంటే 2,200. హయ్యర్ పెన్షన్ అయితే 6,450. ఆ వయసులో కొడుకునో అల్లుడినో అడగకుండా మందుల షాపుకెళ్లే వీలుంటుంది ఆ తేడాతో. నాకు ఇదే ముఖ్యం.

మీకు గుండె ఆపరేషనో మరో పెద్ద జబ్బో ఉన్నా, భార్యకు సొంత పెన్షన్ ఉన్నా, పీఎఫ్ మొత్తం పది పన్నెండు లక్షలే అయినా నేను వద్దనేవాణ్ని. ఎందుకంటే ఆ 8.4 లక్షలు ఇక తిరిగిరావు. కొంత పెన్షన్‌ను ముందే మొత్తంగా తీసుకునే కమ్యుటేషన్, అసలు వారసులకు చేరే రిటర్న్ ఆఫ్ క్యాపిటల్ రెండూ 2008లోనే తీసేశారు. మీ ఇద్దరి తర్వాత పిల్లలకు అందులోంచి మిగిలేదేమీ ఉండదు. ఈ విషయం అమ్మాయికీ అబ్బాయికీ ఇప్పుడే చెప్పండి.

ఇంకో లోపం చాలామంది పట్టించుకోరు. ఈ పెన్షన్‌కు డీఏ లేదు. 12,900 పదిహేనేళ్ల తర్వాత కూడా 12,900నే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు దాని విలువ సగం. కాబట్టి మిగిలిన 25 లక్షల 60 వేలను జాగ్రత్తగా చూసుకోవాలి.

పెళ్లికి ఈ డబ్బు ముట్టుకోవద్దు. మీ చివరి బేసిక్, డీఏ 46,000 గనక గ్రాట్యుటీ సుమారు 7 లక్షల 43 వేలు వస్తుంది. పెళ్లి అందులోనే అయిపోవాలి. తిరుచానూరులో చేసినా, కల్యాణ మండపంలో చేసినా బడ్జెట్ అదే.

పీఎఫ్‌లో మిగిలినదాంట్లో 16 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. మీకింకా 60 రాలేదు కదా అనుకోవద్దు. రిటైరై డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు అయితే 55 దాటినవారు కూడా చేరవచ్చు. ఆ గడువు దాటితే 60 దాకా ఆగాలి. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, చేరిన రోజు రేటు అయిదేళ్లూ మారదు. మూడు నెలలకోసారి 32,800 వస్తుంది, నెలకు 10,900 పైన. పెన్షన్‌తో కలిపితే 23,800. మీ 24 వేల ఖర్చుకు దాదాపు సరిపోయింది. నాలుగు లక్షలు బ్యాంకు ఎఫ్‌డీలో ఆసుపత్రి అవసరాలకు ఉంచండి. మిగిలిన 5 లక్షల 60 వేలు షేర్లూ బాండ్లూ కలిసిన ఒక హైబ్రిడ్ ఫండ్‌లోనో, షేర్ల సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లోనో, ఒకేసారి కాకుండా ఏడాది పాటు నెలనెలా వేసుకుంటూ వెళ్లి, కనీసం ఏడేళ్లు మరిచిపోండి. ధరల పెరుగుదలకు జవాబు అక్కడే ఉంది. పన్ను గురించి దిగులక్కర్లేదు, ఈ ఆదాయానికి కొత్త పద్ధతిలో ఏమీ పడదు.

స్థలం మాట బామ్మర్దికి నొప్పి తగలకుండా కాదనండి. కరకంబాడి వైపు ధరలు పెరగొచ్చు. కానీ భార్యకు రాత్రిపూట ఒంట్లో బాగాలేక తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే సెంటు భూమి అమ్మి బిల్లు కట్టలేరు. ఉండటానికి ఇల్లుంది. రెండో స్థలం మీ వయసులో అవసరం కాదు.

సమ్మతి ఇచ్చేముందు రెండు పనులు చేయండి. దామాషా ప్రకారం నాకెంత పెన్షన్ వస్తుందో చెప్పమని పీఎఫ్ ఆఫీసుకు రాసి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. లెటర్‌లో ఇచ్చిన గడువు మాత్రం దాటనీయకండి. వాళ్ల అంకె 11,000కు తగ్గితే మళ్లీ నాకు రాయండి, అప్పుడు లెక్క మారుతుంది.

రెండోది, మీ భార్య పేరు. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతో, పీఎఫ్ రికార్డులో పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నట్టు మీరు పంపిన కాపీల్లో కనిపిస్తోంది. పెన్షన్‌కు పెట్టే ఫారం 10డీలో ఇద్దరి ఫొటో, ఆమె వివరాలు ఉంటాయి. ఇప్పుడైతే మీ హెచ్‌ఆర్ ద్వారా దిద్దించుకోవచ్చు. రిటైరయ్యాక, అందులోనూ మీరు లేనప్పుడు, ఆ ఇంటిపేరు తేడాతో ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఈ వారంలోనే మొదలుపెట్టండి.