గీజరు కింద చుక్కలు

చిరంజీవి సుజాతకు, పెదనాన్న ఆశీస్సులు.

గీజరు కింద బకెట్ పెట్టుకుని వారం రోజులుగా నెట్టుకొస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ముందు కరెంటు బోర్డులో గీజరుకున్న ఎంసీబీ, అంటే కరెంటు ఆపే మీట, దించు. స్విచ్చి ఒక్కటి ఆపితే చాలదు. ధారగా కారుతుంటే గీజరుకు నీళ్లు వదిలే గోడ కుళాయి, యాంగిల్ కాక్, కూడా కట్టెయ్యి. లోపలి నీళ్లు గంటల తరబడి వేడిగా ఉంటాయి, చల్లారేదాకా ఆగు.

చుక్క రాలే చోటే కారే చోటు అనుకోవద్దు. నీరు గొట్టం వెంట జారి ఎక్కడో రాలుతుంది. పొడిగుడ్డతో అంతా తుడిచి, ఒక్కొక్క బిగింపుకూ వార్తాపత్రిక ముక్క చుట్టి, ముందు ఏది తడుస్తుందో చూడు. పైపు బిగింపు దగ్గరైతే వాషర్ మారిస్తే సరిపోతుంది.

చన్నీళ్ల పైపు మీద సేఫ్టీ వాల్వు ఉంటుంది. నీళ్లు కాగేటప్పుడు దాని నుంచి నాలుగు చుక్కలు పడితే అది లోపం కాదు. వేడికి నీరు వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది, అది అలా బయటికి పోవాలి. చల్లగా ఉన్నప్పుడూ కారుతుంటే వాల్వులో సున్నం పేరుకుని ఉండవచ్చు, లేదా పై ట్యాంకు ఒత్తిడి ఎక్కువై ఉండవచ్చు. ట్యాంకు ఎత్తు ప్రతి 10 మీటర్లకు ఒత్తిడి దాదాపు ఒక బార్ (ఒత్తిడి కొలత) చొప్పున పెరుగుతుంది. మీది రెండో అంతస్తు కదా, ఆ సంగతి ప్లంబరును అడుగు.

వాల్వు మూతి మాత్రం ఎవరినీ మూయనివ్వకు. మేము మల్లేశ్వరంలో ఉన్నప్పుడు ఒక పనివాడు చుక్కలు ఆగాలని అక్కడ డమ్మీ, అంటే బిరడా, బిగించి వెళ్లిపోయాడు. నేను దాన్ని ఊడదీయించేదాకా మీ పెద్దమ్మను ఆ స్నానాల గదిలోకి పోనివ్వలేదు. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ కూడా చెడిపోతే ఆ ఒత్తిడికి దారి ఉండదమ్మా, ట్యాంకు పేలిపోవచ్చు.

కింది మూత దగ్గర, తీగలు వెళ్లే చోట తడి ఉంటే ఎలిమెంట్ (నీళ్లు కాచే కడ్డీ) దగ్గర నీరు కారకుండా ఆపే గాస్కెట్ పోయి ఉండవచ్చు. మెకానిక్ వచ్చి బాగుచేసేదాకా ఎంసీబీ ఎత్తవద్దు. ట్యాంకుకే చిల్లు పడితే అతుకుల మీద డబ్బు పోయవద్దు, కొత్తది కొను.

వైట్‌ఫీల్డ్‌లో మీకు వచ్చేది బోరు నీరే కాబట్టి, లోపలి మెగ్నీషియం కడ్డీని ఏడాదికోసారి తీయించి చూడాలి. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును అది తన మీదికి తీసుకుని అరిగిపోతుంది. అది అయిపోయిందంటే తరువాతి వంతు ట్యాంకుదే. వేడిని 60 డిగ్రీలు దాటనివ్వకు, దాటితే సున్నం త్వరగా గడ్డకడుతుంది.

కాగితం ఎక్కడ తడిసిందో రాత్రికి ఫోను చేసి చెప్పు.