మన మిట్టమధ్యాహ్నం ఎండకి పాత లెన్సే సరి

"చేతిలో మంచి మిర్రర్‌లెస్ కెమెరా ఉండగా పాత లెన్సులు, ఫిల్మ్ పట్టుకుని తిరగడం ఎందుకు? అది ఉత్త నోస్టాల్జియా కాదా?" అని నన్ను ఒకరు అడిగారు.

నా విషయంలో అస్సలు కాదు. ఆ బెంగ ఉండాలంటే ఒకప్పుడు ఇంట్లో కెమెరా ఉండాలి కదా. మాకు లేదు, ఫొటో కావాలంటే స్టూడియోకి వెళ్లేవాళ్లం. నేను మొదట కొన్నదే డిజిటల్. ఆ డిజిటల్ పుణ్యమా అనే పాత లెన్సు నా చేతికొచ్చింది. ఎం42 అనే మరచుట్టు లెన్సులు ఫిల్మ్‌కి గానీ సెన్సర్‌కి గానీ 45.46 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి. లోపల అద్దం ఉండే నైకాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు తగిలించే చోటే 46.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అందుకే మధ్యలో ఇంకో గాజు పెడితే తప్ప దూరాన ఉన్న కొండ మీద ఫోకస్ కుదరదు. ఆ అద్దమే లేని సోనీ మిర్రర్‌లెస్‌లో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగిలిన ఖాళీకి గాజు లేని ఒట్టి లోహపు అడాప్టర్ చాలు. అంటే మూలన పడ్డ లెన్సులకి మళ్లీ పని దొరికింది కొత్త కెమెరాల వల్లే. ఈ రెండింటికీ పోటీ పెట్టడం నాకు నచ్చదు.

నా దగ్గరున్న పాత లెన్సు హీలియోస్ 44-2. 58 ఎంఎం, ఎఫ్/2 (అంటే వెలుగు వచ్చే రంధ్రం బాగా పెద్దగా తెరుచుకుంటుంది). జర్మనీ కార్ల్ జైస్ వాళ్ల బయోటార్ డిజైన్‌ని తీసుకుని సోవియట్ యూనియన్‌లో చేశారు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో జెనిట్-ఇ అనే ఫిల్మ్ కెమెరాతో సహా దొరికింది. లోపల గ్రీజు గట్టిపడి ఫోకస్ రింగు కదిలేది కాదు. కోఠిలో ఒక మెకానిక్ విప్పి, పాత గ్రీజంతా తుడిచి కొత్తది పెట్టిచ్చాడు. ఇప్పుడు రెండు వేళ్లతో ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది.

దాని విలువ నాకు తెలిసింది నల్గొండ వైపు ఒక ఊళ్లో, చెల్లెలి పెళ్లిలో. మే నెల, పదకొండు దాటింది. తాటాకు పందిరి కింద పెళ్లికూతురికి నలుగు పెడుతున్నారు. ఆకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. అలాంటి వెలుగులో నా కొత్త లెన్సు తీస్తే చార తెల్లగా కాలిపోతుంది, నీడ నల్లగా ముద్దయిపోతుంది. పైగా ఆటోఫోకస్ ఎప్పుడూ పెళ్లికూతురి కన్ను వెతుక్కుని పట్టుకుంటుంది. దాన్ని ఆపేయొచ్చు, నిజమే. కానీ నాకు కావాల్సింది పెద్దమ్మ చేతులు: సున్నిపిండి అంటిన వేళ్లు, మోచేతి దాకా జారిన నూనె. హీలియోస్ పెట్టి, స్క్రీన్ మీద బొమ్మ పెద్దది చేసుకుని, రింగు తిప్పి ఆ వేళ్ల దగ్గర ఆపాను. ఈ లెన్సు గాజు మీది కోటింగ్ పాతకాలంది, కాంట్రాస్ట్ (వెలుగుకీ నీడకీ తేడా) తక్కువ. గాజుల మధ్య చెదిరిన వెలుగు కొంత నీడల్లోకీ పాకుతుంది. పెద్దమ్మ చామనఛాయ చామనఛాయగానే వచ్చింది, పసుపు పసుపుగానే వచ్చింది. వెనక వేపచెట్టు ఆకుల మధ్య వెలుగు బొట్లు అంచుల్లో పిల్లికన్నుల్లా సన్నబడి, ఆవిడ చుట్టూ సుడి తిరిగినట్టు పడ్డాయి. ఫోన్‌తో తీసిన వాళ్ల ఫొటోల్లో మాత్రం అందరి ముఖాలూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఎవరడిగారు ఆ తెలుపు? మన ఒంటి రంగుని చెరిపేసి దానికి బ్యూటీ అని పేరు పెట్టడం నాకు నిజంగా బాధ.

తర్వాత అదే లెన్సు తీసి జెనిట్‌కి బిగించాను, అందులో 200 ఐఎస్‌ఓ (వెలుగుని పట్టే వేగం) కలర్ నెగెటివ్ ఫిల్మ్ ఉంది. జెనిట్‌లో వెలుగు కొలిచే మీటరు ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి లెక్క డిజిటల్ కెమెరానే చెప్పింది: పందిరి కింద ఎఫ్/2కి సెకనులో 1/500 వంతు. జెనిట్ షట్టర్ గరిష్ఠ వేగం సరిగ్గా అంతే. పందిరి బయటికొస్తే ఎపర్చర్ (లెన్సు రంధ్రం) తగ్గించాల్సిందే. కాస్త ఎక్కువ వెలుగు పడినా నెగెటివ్ ఓర్చుకుంటుంది, నీళ్లు పోసిన భుజం మీది మెరుపు డిజిటల్‌లో తెల్ల మచ్చ అయితే ఫిల్మ్‌లో భుజంలాగే ఉంది. మన ఎండకీ మన ఒంటి రంగుకీ పాత గాజు, కలర్ నెగెటివ్ కలిస్తే అంతకు మించింది లేదని ఎవరితోనైనా వాదిస్తాను.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఆ రోల్ కడిగించిన ల్యాబ్ స్కాన్లు వాట్సాప్‌లో పంపి, నెగెటివ్‌లు అడిగితే "అవెందుకు సార్?" అంది. రోల్ ఇచ్చేటప్పుడే నెగెటివ్‌లు కావాలని రాయించండి. ఎన్ని ఊళ్లలో స్టూడియోలు మూతపడి నెగెటివ్‌లు చెత్తబండి ఎక్కాయో! ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మన దేశంలోనే "ఇందు" ఫిల్మ్ తయారు చేసేది, అదీ పోయింది. ఇంట్లో ఉన్న నెగెటివ్‌లనైనా కాపాడుకోండి. కింద ఎల్‌ఈడీ లైట్ ప్యాడ్, పైన మాక్రో లెన్సుతో (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసేది) డిజిటల్ కెమెరా ఉంటే ఇంట్లోనే స్కాన్ చేసుకోవచ్చు.

కొనేటప్పుడు అమ్మేవాడి మాట కాదు, టార్చి నమ్మండి. లెన్సు వెనక నుంచి వెలుగు కొట్టి చూస్తే ఫంగస్ సాలెగూడులా కనిపిస్తుంది. తోలు కేసు తేమ పట్టి ఉంచుతుంది, అందులో దాచొద్దు, సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టండి. అడాప్టర్ పెట్టాక కెమెరా క్లిక్ అవకపోతే టెన్షన్ పడకండి, లెన్సు లేకుండా షట్టర్ పనిచేసే ఆప్షన్ మెనూలో ఉంటుంది. మొదటి రోజు మధ్యాహ్నమే బయటికెళ్లి, చెట్టు కింద ఇంట్లో వాళ్ల ముఖాలు తీయండి. సాయంత్రం వెలుగులో ఏ లెన్సైనా బాగానే తీస్తుంది, తేడా తెలియదు.