చెరువు కింద ఊరు: ముప్పును అంచనా వేయడం ఎలా?

ప్రశ్న: మా ఊరు తిరుపతి జిల్లాలో ఒక పెద్ద చెరువు కింద ఉంది. విపత్తులను ఎదుర్కోవడానికి పంచాయతీ తరఫున ప్రణాళిక రాయాలనుకుంటున్నాము. ‘మా తాతల కాలం నుంచి కట్ట తెగలేదు, భయం లేదు’ అని పెద్దలు అంటున్నారు. ఆ మాటను నమ్మి ఊరుకోవచ్చా? – ఒక వార్డు సభ్యురాలు

జవాబు: ఊరుకోకూడదు. పెద్దల జ్ఞాపకం విలువైనదే. ఏ వానకు ఏ వంక (వాగు) ఎటు మళ్లిందో, నీళ్లు ఏ ఇంటి గడప దాకా వచ్చాయో వారిని అడిగి రాసుకోండి. అయితే జరిగినదానికే అది సాక్ష్యం, జరగబోయేదానికి హామీ కాదు. ఇంజనీర్లు నూరేళ్ల వరద అన్నప్పుడు, అది ఏ సంవత్సరమైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం. ఆ లెక్కన 30 ఏళ్లలో ఒక్కసారైనా అది వచ్చే అవకాశం సుమారు 26 శాతం. 2021 నవంబరులో తిరుపతి సమీపంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరడంతో దిగువ గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. అదే నెల 19న పొరుగున చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట కొట్టుకుపోయింది.

మన ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలోని వాయుగుండాలతో వస్తాయి. అప్పటికే చెరువు నిండి, నేల నాని ఉన్నప్పుడు పడే వానే ప్రమాదకరం. ఒక చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే అది పది కోట్ల లీటర్ల నీరు. నానిన నేల అందులో కొద్దిభాగమే పీల్చుకుంటుంది. అందువల్ల మీ చెరువుకు ఎంత మేర నుంచి నీరు చేరుతుందో, పైనున్న గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి తెగితే ఆ నీరంతా మీ చెరువు మీదికే వస్తుందో లేదో నీటిపారుదల ఇంజనీరును అడిగి తెలుసుకోండి. తర్వాత మొరవ, అంటే చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే దారి, చూడండి. దాని వెడల్పు తగ్గినా, దిగువ కాలువ ఆక్రమణకు గురైనా, ఎక్కువ నీరు నిలుపుకోవాలని ఎవరైనా ఇసుక బస్తాలు అడ్డం వేసినా, నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. మట్టికట్ట దానికి తట్టుకోదు. తూము పక్కన ఊరే నీరు తేటగా ఉంటే నిఘా పెట్టండి. బురదగా మారితే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే, అప్పుడు క్షణం ఆలస్యం చేయకూడదు.

నీటి కొలతతోనే ముప్పు తేలిపోదు, దారిలో ఎవరున్నారన్నది అంతకన్నా ముఖ్యం. వంక పోరంబోకులో గుడిసెలు వేసుకున్న యానాది కుటుంబాలు, మంచం పట్టిన వృద్ధులు, నిండు గర్భిణులు ఏ ఇంట ఉన్నారో పటంలో గుర్తించండి. ప్రణాళికలో మొదటి పేజీ వారిదే కావాలని నా గట్టి అభిప్రాయం. పశువులను ఏ మెట్టకు తోలాలో, రాత్రివేళ కరెంటు పోతే దండోరా ఎవరు వేయాలో కూడా ముందే నిర్ణయించుకోండి.

పిడుగులకు, చిత్తూరు జిల్లా పడమటి మండలాలను పీడించే కరవుకు వేరే అంచనాలు కావాలి. వాటిని ఈ లెక్కలో కలపకండి.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన ప్రణాళికను ఏటా సమీక్షించాలి. అందులో మీ చెరువు ప్రస్తావన ఉందో లేదో అడగండి. నీరు తగ్గిన వేసవిలో కట్ట మీది ఎలుక బొరియలు, చెట్ల వేర్లు కనిపిస్తాయి. ఊటలు చెరువు నిండాకే బయటపడతాయి. కాబట్టి కట్టను ఏటా రెండు కాలాల్లోనూ నడిచి చూడండి.