ఒకే పోలిక, వేర్వేరు జాతులు

ప్రశ్న: చూడ్డానికి ఒకేలా ఉన్న సాలమాండర్లను వేర్వేరు జాతులుగా ఎందుకు విడదీస్తారు? దానివల్ల వాటి సంరక్షణకు ఒరిగేదేమిటి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: సాలమాండర్ చూడ్డానికి బల్లిలా ఉన్నా బల్లి కాదు. మీ వైపు శేషాచలం కొండల్లో కనిపించే బంగారు బల్లికి పొలుసులు, గోళ్లు ఉంటాయి, సాలమాండర్‌కు ఆ రెండూ ఉండవు, అది కప్పలకు చుట్టం. మధ్య అమెరికాలోని బోలిటోగ్లోసా సాలమాండర్లకైతే ఊపిరితిత్తులు కూడా లేవు. తడి చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ శ్వాసించే ఈ జీవుల్లో కొండజాతులు చల్లని పొగమంచు అడవిని వదిలి వేడిగా ఉండే లోయ దాటలేవు కాబట్టి, ఒక్కో కొండ మీద చిక్కుకుపోయినవి లక్షల ఏళ్లలో ఒక్కో జాతిగా వేరుపడ్డాయి. పైకి తేడా కొంచెమే: కాలివేళ్ల మధ్య పొర ఎంతవరకు ఉంది, పళ్లెన్ని, మచ్చలెలా ఉన్నాయి, మిగిలింది డీఎన్‌ఏ చెబుతుంది.

ఈ విభజన కేవలం పేర్ల గొడవ కాదని నా గట్టి నమ్మకం. అన్నీ ఒకటేననుకుంటే ఒక కొండపై అడవి నరికినా పక్క కొండపై ఉన్నాయిలే అని ఊరుకుంటాం. వేరని తెలిస్తే ఆ కొండే దానికి మొత్తం లోకం. గ్వాటెమాలాలో 1975లో దొరికిన జాక్సన్ సాలమాండర్ మళ్లీ 2017లో గానీ కనిపించలేదు. ఆ పసుపు పచ్చని జీవిని చూసింది ఒక అటవీ కాపలాదారు. అప్పటికే అక్కడి అడవిని స్వచ్ఛంద సంస్థలు కొని కాపాడుతున్నాయి.